గుడి బోర్డు, మార్కెట్ కమిటీ సభ్యులను తొలగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వం మారిన వారానికల్లా నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మన జీవో ఉంటుందా, పోతుందా?" అని. జీవో అంటే వాళ్లను పదవిలో వేసిన ప్రభుత్వ ఉత్తర్వు. నేను వకీలును కాను. జిల్లా కేంద్రంలో ఒక వకీలుగారి దగ్గర చాలా ఏళ్లు గుమాస్తాగా ఉన్నాను. రిట్ పిటిషన్లకు, అంటే ప్రభుత్వ ఉత్తర్వుల మీద హైకోర్టులో వేసే కేసులకు, కాగితాలు పేర్చీ పేర్చీ కొంత అర్థమైంది. ఆ ఫోన్లలో మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలివి. అడిగేవాళ్లలో సగం మంది పదవి పోయినవాళ్లు, మిగతా సగం ఎదుటివాడి పదవి ఊడగొట్టాలనుకునేవాళ్లు. ఇద్దరికీ పనికొచ్చేలా రాశాను. కోర్టుకు వెళ్లాల్సి వస్తే మాత్రం కాగితాలు పట్టుకుని మంచి వకీలు దగ్గరకే వెళ్లండి.

ఇక్కడ ఎవరి గురించి మాట్లాడుతున్నాం?

ఓట్లతో కాకుండా ప్రభుత్వ ఉత్తర్వుతో కుర్చీలోకి వచ్చినవాళ్ల గురించి. గుడి ధర్మకర్తల మండలి, వ్యవసాయ మార్కెట్ కమిటీ, జిల్లా గ్రంథాలయ సంస్థ, ఆసుపత్రి అభివృద్ధి సంఘం, ఎన్నికలు జరగని సహకార సంఘంలో వేసే పర్సన్ ఇన్‌ఛార్జ్ (తాత్కాలికంగా బాధ్యత చూసే) కమిటీ, ఇలాంటివన్నీ. జనం వాడుకలో నామినేటెడ్ పదవులు.

సర్పంచులు, కౌన్సిలర్లు, జడ్పీటీసీలు ఇందులోకి రారు. వాళ్లను జనం ఎన్నుకున్నారు కాబట్టి వాళ్ల తొలగింపుకు దారి వేరు, రక్షణ ఎక్కువ. అవిశ్వాస తీర్మానం కూడా ఎన్నికైనవాళ్ల వ్యవహారమే. "మా గుడి చైర్మన్ మీద అవిశ్వాసం పెడతాం, సంతకాలు అయిపోయాయి" అని ఒకాయన ఉత్సాహంగా వచ్చారు. తొమ్మిది మంది సంతకాలు పెట్టిన ఆ కాగితం పొట్లం కట్టుకోవడానికి తప్ప పనికిరాదు. నియమించింది ప్రభుత్వమైతే తీసేయాల్సిందీ ప్రభుత్వమే.

నన్ను తీసేయగలరా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక్క ముక్కలో చెప్పలేను. మీ నియామక జీవో తీయండి. పేర్ల జాబితా, శుభాకాంక్షల ఫ్లెక్సీలో వేసిన ఫొటో కాదు, అసలు జీవో. అందులో పదవీకాలం గురించి రాసిన వాక్యం చదవండి. "రెండు సంవత్సరాల కాలానికి" అని ఉందా? "తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు" అని ఉందా? లేక "రెండు సంవత్సరాలు లేదా తదుపరి ఉత్తర్వులు, ఏది ముందైతే అది" అని ఉందా?

తర్వాత ఆ జీవో ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారో పైన చూడండి. పదవీకాలాన్నీ తొలగింపు కారణాలనూ చట్టమే చెబితే, జీవోలో ఏం రాసినా చట్టానిదే పైచేయి. వెనక చట్టం లేకుండా కేవలం ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టిన కమిటీ అయితే, ఇంకో ఉత్తర్వుతో పోతుంది. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లాంటివి ఎక్కువగా ఈ రెండో రకం.

నా అనుభవంలో పది మందిలో ఎనిమిది మంది తమ జీవోను పదవి పోయిన రోజున మొదటిసారి పూర్తిగా చదువుతారు.

"ప్రభుత్వ ఇష్టం ఉన్నంతవరకు" అంటే నిజంగా ఇష్టమేనా? కారణం అక్కర్లేదా?

చాలావరకు అంతే. దీనిమీద అందరూ చూపించే తీర్పు ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్ నగరపాలికది. అక్కడి చట్టం ప్రకారం ప్రభుత్వం మహిళా సభ్యులను నామినేట్ చేసింది. తర్వాత వాళ్లను తీసేసి వేరేవాళ్లను పెట్టింది. నోటీసు లేదు, కారణం లేదు. ఓం నారాయణ్ అగర్వాల్ కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1993లో కోర్టు తేల్చిందేమిటంటే, ప్రభుత్వ ఇష్టం ఉన్నంతవరకే ఉంటారని చట్టంలోనే రాసి ఉన్నప్పుడు, నామినేట్ అయినవాళ్లు ఎన్నికైనవాళ్లతో సమానమని వాదించలేరు. వాళ్ల వెనక ఓటర్లు లేరు. మచ్చ వేయకుండా తీసేస్తే నోటీసు ఇవ్వలేదని అడగడానికీ లేదు.

ఇక్కడ "మచ్చ" అన్న మాట పట్టుకోండి. ఉత్తర్వులో "నియామకాన్ని రద్దు చేయడమైనది" అని ఒక్క వాక్యం ఉంటే మీకు పెద్దగా దారి లేదు. కానీ "నిధుల దుర్వినియోగానికి పాల్పడినందున" అని రాశారంటే పరిస్థితి మారిపోతుంది. అప్పుడది మీ పరువు మీద పడ్డ దెబ్బ. మీ సంజాయిషీ వినకుండా అలా రాయకూడదు. అనుభవమున్న సెక్షన్ ఆఫీసర్లు అందుకే ఉత్తర్వును చప్పగా రాస్తారు. ఆరోపణలన్నీ ప్రెస్‌మీట్‌లో ఉంటాయి గానీ జీవోలో కనపడవు.

2010లో బి.పి. సింఘాల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం గవర్నర్ల తొలగింపు గురించి మాట్లాడుతూ, ఇష్టం అంటే ఇష్టారాజ్యం కాదనీ, కేంద్రంలో ప్రభుత్వం మారిందని, విధానాలు కలవడం లేదని గవర్నర్‌ను మార్చకూడదనీ చెప్పింది. దాన్ని పట్టుకుని మార్కెట్ కమిటీ డైరెక్టర్లు కూడా కోర్టుకు వెళ్తుంటారు. గవర్నర్‌ది రాజ్యాంగ పదవి, మనది పార్టీ సిఫార్సు లేఖతో వచ్చిన పదవి అని అవతలి వకీలు లేచి చెబుతాడు. వినడానికి కష్టంగా ఉన్నా, ఆ వాదనకు బలముంది.

గుడి ధర్మకర్తలకూ ఇదే వర్తిస్తుందా?

వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ గుళ్లకు ఆధారం 1987 నాటి దేవాదాయ చట్టం. రాష్ట్రం విడిపోయాక ఎవరి సవరణలు వాళ్లు చేసుకున్నారు. పదవీకాలం ఒక ఏడాదా, రెండేళ్లా అన్నది మీ ఉత్తర్వులో చూసుకోండి. ధర్మకర్తను సస్పెండ్ చేయాలన్నా, తొలగించాలన్నా 28వ సెక్షన్ కింద చేయాలి. అది నియమించిన అధికారి చేతిలోనే ఉంటుంది.

ఆ సెక్షన్‌లో కారణాలు రాసి ఉన్నాయి. ధర్మకర్తగా చేయాల్సిన పని చేయకపోవడం, చట్టప్రకారం ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కరించడం, గుడి ఆస్తినీ రికార్డులనూ అప్పగించకపోవడం, నమ్మకద్రోహం, సొమ్ము కాజేయడం, 19వ సెక్షన్‌లో చెప్పిన అనర్హతల్లో ఏదైనా తగులుకోవడం. ముందు అభియోగం రాతపూర్వకంగా ఇవ్వాలి. సమాధానం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. తనకు వ్యతిరేకంగా పెట్టిన సాక్ష్యాన్ని ప్రశ్నించుకోనివ్వాలి, తన సాక్ష్యం పెట్టుకోనివ్వాలి. చివర్లో ఇచ్చే ఉత్తర్వులో ప్రతి అభియోగం, దానికి ధర్మకర్త ఇచ్చిన సంజాయిషీ, దానిమీద తేల్చిన నిర్ణయం, కారణాలు ఉండాలి. విచారణ నడుస్తుండగా సస్పెన్షన్‌లో పెట్టవచ్చు.

అంటే చట్టం దృష్టిలో గుడి ధర్మకర్త ప్రభుత్వోద్యోగికి దగ్గరగా ఉండే రక్షణ ఉన్న మనిషి. జీతం మాత్రం లేదు. శాలువా, తీర్థం, ముందు వరుస దర్శనం, అంతే.

మా గుడి బోర్డు సభ్యుడే గుడి భూమి కౌలు చేస్తున్నాడు. ఏం చేయాలి?

గుడితో కౌలు గానీ కాంట్రాక్టు గానీ ఉన్నవాడు, గుడికి బకాయి పడ్డవాడు ధర్మకర్తగా ఉండకూడదు. తన పేరు మీద కాకుండా బావమరిది పేరు మీద పెట్టుకుంటాడు, అది వేరే సంగతి. అందుకే ముందు కాగితం సంపాదించండి. కౌలు వేలం పాట రిజిస్టరు నకలు, బకాయిల జాబితా సమాచార హక్కు కింద అడగండి. ఊరి స్థాయి కార్యాలయానికైతే దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

కాగితం చేతికొచ్చాక నియమించిన అధికారికి ఫిర్యాదు రాయండి. ఎవరికి రాయాలో తెలియకపోతే నియామక ఉత్తర్వు కింద ఎవరు సంతకం పెట్టారో చూడండి. గుడి ఆదాయాన్ని బట్టి అది ప్రభుత్వం కావచ్చు, కమిషనర్ కావచ్చు, కిందిస్థాయి అధికారి కావచ్చు. ఈవోకు (గుడి కార్యనిర్వహణాధికారికి) ఒక నకలు ఇవ్వండి గానీ ఆయన తీసేస్తాడని కూర్చోకండి. ఆయనకు ఆ అధికారం లేదు. పైగా రేపు పొద్దున అదే సభ్యుడి పక్కన నిలబడి హుండీ లెక్కించాలి.

ఫిర్యాదులో ఒకే విషయం రాయండి. "కౌలు నంబరు ఇది, పాటదారు పేరు ఇది, బకాయి ఇంత." అక్కడితో ఆపండి. ఆయన పూజారిని తిట్టిన సంగతి, ఉత్సవంలో మైకు లాక్కున్న సంగతి, మీ తాతగారి కాలం నాటి పల్లకీ గొడవ కలిపితే, ఫైలు చూసే గుమాస్తా "ఊరి రాజకీయం" అని మూసేస్తాడు. అలా మూసేసినవి నేను చూశాను.

ఫిర్యాదు చేసి ఏడాదైంది, ఏమీ జరగలేదు.

అర్హత లేనివాడు ప్రభుత్వ పదవిలో కూర్చున్నాడని చూపగలిగితే, హైకోర్టులో కో వారంటో రిట్ వేయవచ్చు. "ఏ అధికారంతో ఈ కుర్చీలో కూర్చున్నావ్?" అని కోర్టే అతణ్ని అడగడమన్నమాట. దీనికి మీకు సొంతంగా నష్టం జరిగి ఉండాల్సిన పని లేదు. మామూలు పౌరుడు చాలు. కానీ ఇది పనితీరు బాగాలేదని వేసేది కాదు. చట్టం చెప్పిన అర్హత లేదనో, అనర్హత ఉందనో స్పష్టంగా తేలాలి.

డబ్బు తిన్న కేసైతే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) ఉంది. నామినేటెడ్ అయినా ప్రజావిధుల్లో ఉన్నవాడు 1988 అవినీతి నిరోధక చట్టం లెక్కలో పబ్లిక్ సర్వెంటే.

ప్రభుత్వం మారితే రాజీనామా చేయాలా? పార్టీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

ఫోన్‌కు చట్టంలో విలువ లేదు. రాజీనామా అంటే మీరు రాసి, సంతకం పెట్టి, నియమించిన అధికారికి పంపేది. దాన్ని ఆమోదించేవరకు సాధారణంగా వెనక్కి తీసుకోవచ్చు. మీ నిబంధనల్లో వేరేగా ఉంటే తప్ప.

మర్యాద సంగతి వేరు. సిఫార్సుతో వచ్చినవాళ్లు సిఫార్సు చేసినవాళ్లతోపాటే వెళ్లిపోవాలని మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక అలిఖిత పద్ధతి పడిపోయింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక తిరుమల తిరుపతి దేవస్థానం చైర్మన్ పుట్టా సుధాకర్ యాదవ్ మొదట దిగనన్నారు. జూన్‌లో దిగారు, అదే నెలలో వై.వి. సుబ్బారెడ్డి వచ్చారు. 2024లో మళ్లీ మారింది. భూమన కరుణాకర్‌రెడ్డి ఫలితాలు రాగానే రాజీనామా ఇచ్చేశారు. తెలంగాణలో 2023 డిసెంబరు 7న కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. కొద్ది రోజుల్లోనే 54 కార్పొరేషన్ల చైర్మన్ల నియామకాలు ఒకే దెబ్బకు రద్దయ్యాయి.

నాకు ఇది మింగుడుపడదు. ఊళ్లో భక్తులు మూడేళ్లు ఫిర్యాదు చేసినా కదలని కుర్చీ ఓట్ల లెక్కింపు రోజు సాయంత్రానికి ఖాళీ అవుతుంది. పని బాగా చేసినవాడూ పోతాడు, తిన్నవాడూ పోతాడు. తిన్నవాడి మీద విచారణ మాత్రం అక్కడితో ఆగిపోతుంది.

నోటీసు ఇవ్వడం, విచారణ చేయడం ఎందుకని ఏకంగా చట్టాన్నే మార్చేస్తే?

మారుస్తారు. అసెంబ్లీ జరగకపోతే ఆర్డినెన్సు తెస్తారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గుడి బోర్డుల విషయంలో దేవాదాయ చట్టాన్నే సవరించారు. చట్టంతో బోర్డు మొత్తం రద్దయితే ప్రతి సభ్యుడికీ విడిగా నోటీసు ఇవ్వలేదన్న వాదన నిలబడదు. చట్టం చేసేటప్పుడు ఎవరినీ పిలిచి సంజాయిషీ అడగరు కదా. ఇక ఆ సవరణే రాజ్యాంగవిరుద్ధమని కొట్టాలి. అది బరువైన పని.

కొన్నిసార్లు కోర్టు నమ్మదు. 2020 ఏప్రిల్ 10న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. దాంతో నిమ్మగడ్డ రమేష్‌కుమార్ పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. అయితే అది రాజ్యాంగంలో చోటున్న పదవి. దాన్ని మార్కెట్ యార్డుకు తెచ్చి అతికించలేం.

వంశపారంపర్య ధర్మకర్తలు, దాతల కుటుంబాల సంగతి?

వాళ్లు నామినేటెడ్ కోవలోకి సరిగ్గా రారు. వాళ్ల హక్కు వ్యవస్థాపకుడు రాసిన దస్తావేజు నుంచి, కుటుంబం నుంచి వస్తుంది. ప్రభుత్వం దాన్ని గుర్తిస్తుంది. అయినా తీసేసే ప్రయత్నాలు జరిగాయి, జరుగుతాయి.

అందరికీ గుర్తున్నది విజయనగరం మాన్సాస్ ట్రస్టు. పి.వి.జి. రాజు 1958లో పెట్టిన సంస్థ. కాలేజీలు, వేల ఎకరాల భూములు, పక్కనే సింహాచలం దేవస్థానం వ్యవహారం. 2020 మార్చిలో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చి పి.వి.జి. రాజు కొడుకు అశోక్ గజపతిరాజు స్థానంలో అదే కుటుంబానికి చెందిన సంచయిత గజపతిరాజును చైర్‌పర్సన్‌గా పెట్టింది. గమనించండి, ఇక్కడ "తొలగింపు" అన్న మాటే ఎక్కువ వినపడలేదు. కొత్తవారిని నియమించారు, పాతవారు పోయారు. 2021 జూన్ 14న హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసి అశోక్ గజపతిరాజును తిరిగి నిలబెట్టింది. పదిహేను నెలలు పట్టింది. ఆయనకు కాలపరిమితి లేని హక్కు కాబట్టి తిరిగొచ్చాక కుర్చీ మిగిలి ఉంది. రెండేళ్ల జీవోవాళ్లకు అలా మిగలదు.

అంటే కేసు గెలిచినా లాభం లేదా?

ఢిల్లీ కథ ఒకటి చెబుతాను. 1980 ఫిబ్రవరిలో న్యూఢిల్లీ మున్సిపల్ కమిటీని లెఫ్టినెంట్ గవర్నర్ రద్దు చేశారు. ఆ కమిటీ సభ్యులు కూడా నామినేట్ అయినవాళ్లే. ముందుగా సంజాయిషీ అడగలేదు. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. వినకుండా రద్దు చేయడం తప్పన్నారు. విన్నా ఫలితం మారేది కాదు కాబట్టి వినకపోయినా నష్టం లేదన్న ప్రభుత్వ వాదనను ఒప్పుకోలేదు. వినకపోవడమే నష్టమన్నారు. ఎస్.ఎల్. కపూర్ వర్సెస్ జగ్‌మోహన్ అనే ఆ తీర్పును ఇప్పటికీ ప్రతి తొలగింపు కేసులోనూ చదువుతారు.

కానీ తీర్పొచ్చింది సెప్టెంబరులో. కమిటీ పదవీకాలం అక్టోబరు 3తో అయిపోతోంది. రద్దు చెల్లదని ప్రకటించి కోర్టు అక్కడితో ఆగింది. కుర్చీలో మళ్లీ కూర్చోబెట్టలేదు. పేరు చరిత్రలో మిగిలింది, పదవి మిగల్లేదు.

అందుకే నేను మొదట అడిగేది, "ఇంకా ఎన్ని నెలలుంది?" అని. ఆరు నెలల లోపైతే మచ్చ చెరుపుకోవడానికి కేసు వేయండి, కుర్చీ కోసం వేయకండి. ప్రభుత్వం కౌంటర్ (జవాబు) వేయడానికే ఒక వాయిదా, రెండు వాయిదాలు, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు గడిచిపోతాయి.

తొలగింపు ఉత్తర్వు చేతికొచ్చింది. మొదటి వారంలో ఏం చేయాలి?

ఉత్తర్వు అందిన తేదీ, తీసుకున్న సమయం దానిమీదే రాసుకోండి. నియామక జీవో, ప్రమాణస్వీకారం చేసిన తేదీ, ఇప్పటివరకు వచ్చిన నోటీసులు, మీరిచ్చిన జవాబులు ఒక ఫైల్లో పెట్టండి. చట్టంలో అప్పీలు దారి ఉందేమో వకీలుతో చూపించుకోండి. అది ఉండగా నేరుగా రిట్ వేస్తే, ముందు అక్కడికి వెళ్లమని కోర్టు పంపేయవచ్చు. రిట్‌కు ఇన్ని రోజులని గడువు లేదు గానీ, ఆలస్యం చేస్తే స్టే (ఉత్తర్వు అమలును కోర్టు ఆపడం) మీద ఆశ వదులుకోవాలి. మీ స్థానంలో కొత్తవాళ్లను వేసి ఉంటే వాళ్లనూ ప్రతివాదులుగా చేర్చండి. వాళ్ల పదవి పోయే కేసులో వాళ్లను వినకుండా కోర్టు ఏమీ చేయదు. దీన్ని మర్చిపోయి రెండు వాయిదాలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇంకొకటి. తాళాలు, మినిట్స్ పుస్తకం, చెక్కు బుక్కు, ఆభరణాల రిజిస్టరు మీ దగ్గరుంటే పంచనామా రాయించి అప్పగించండి. ఉత్తర్వు మీద కేసు వేస్తున్నా సరే అప్పగించండి. కోపంతో ఇంట్లో పెట్టుకున్నారా, అంతవరకు లేని అభియోగం అప్పుడే పుడుతుంది.

నా నియామకమే చెల్లదని కోర్టు తేల్చింది. నేను సంతకం పెట్టిన తీర్మానాలన్నీ పోతాయా?

పోవు. పదవిలో ఉన్నాడని అందరూ నమ్మి వ్యవహరించినప్పుడు ఆయన చేసిన పనులు, తర్వాత నియామకం చెల్లకపోయినా, నిలబడతాయి. గోకరాజు రంగరాజు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 1981లో సుప్రీంకోర్టు జడ్జిల విషయంలో ఇదే చెప్పింది. రాసింది మళ్లీ చిన్నప్పరెడ్డిగారే. లేకపోతే ఆ రెండేళ్లలో దుకాణం అద్దెకు తీసుకున్నవాడు, కల్యాణమండపం బుక్ చేసుకున్న పెళ్లివాళ్లు ఏమైపోవాలి?

మీరే లాభం పొందిన తీర్మానాలకు మాత్రం ఈ గొడుగు పట్టదు.

బోర్డు మొత్తం పోయింది. కొత్తది వచ్చేవరకు ఎవరు చూస్తారు?

గుడికైతే ఈవో, లేదా శాఖ వేసిన అధికారి. మార్కెట్ కమిటీకి పర్సన్ ఇన్‌ఛార్జ్. నిత్య పూజలు, జీతాలు, యార్డులో తూకాలు ఆగవు. పెద్ద నిర్ణయాలు మాత్రం ఆగిపోతాయి. కొన్నిచోట్ల ఈ తాత్కాలికం నెలలు దాటి ఏళ్లు నడుస్తుంది. అధికారే పాలన చేస్తే బాగుంటుందని కొంతమంది సంతోషిస్తారు కూడా. మా ఊరి గుడిలో బోర్డు లేని ఏడాదిలో లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. కోనేటి మెట్లు విరిగితే మాత్రం అడగడానికి ఎవరి ఇంటి తలుపు కొట్టాలో తెలియలేదు. ఈవోగారికి ఇంకో నాలుగు గుళ్లు అదనపు బాధ్యత, ఆయన వచ్చేది శనివారాలే.

బడి కమిటీ సభ్యుణ్ని తీసేయాలంటే?

అది నామినేటెడ్ కాదు, తల్లిదండ్రులు ఎన్నుకునేది. విద్యాహక్కు చట్టం ప్రకారం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. పిల్లాడు బడి మారితే తల్లిదండ్రిగా ఆ చోటు కూడా పోతుంది. హెడ్మాస్టరుగారిని అడగండి, ఆయన దగ్గర నిబంధనల కాగితం ఉంటుంది.